రెండేళ్లు నిండని పాపతో కరీబియన్ క్రూజ్: ఏ ఓడ, ఏ నెల, ఏ గది?

బుజ్జిపాప_అమ్మ
అందరికీ నమస్తే. ఇక్కడ క్రూజ్ మీద పాత చర్చలన్నీ చదివాను. అన్నీ స్కూలు పిల్లలున్నవాళ్లవో, కొత్త జంటలవో. మా పాపకి ఆగస్టుకి 19 నెలలు, డిసెంబర్‌కి 23 నెలలు. నేను, మావారు, పాప, అత్తయ్యగారు, మామయ్యగారు, మొత్తం ఐదుగురం. మా ఇద్దరికీ గ్రీన్ కార్డులు, పెద్దవాళ్లకి విజిటర్ వీసా, పాప ఇక్కడే పుట్టింది. ఉండేది డాలస్‌లో.

రెండు దారులు చూస్తున్నాం. ఒకటి, కార్లో గాల్వెస్టన్ వెళ్లి 7 రాత్రుల ఓడ ఎక్కడం: కొజుమెల్, కోస్టా మాయా, రోవతాన్. రెండోది, ఒర్లాండో దాకా విమానం, అక్కణ్ణుంచి పోర్ట్ కెనావెరల్ వెళ్లి 4 రాత్రుల బహమాస్. మావారు మొదటిదే అంటున్నారు, అంత డబ్బు పెట్టాక మూడు ఊళ్లయినా చూడొద్దా అని. నాకు పాప నిద్ర, తిండి, నీళ్లాట, ఇవే బెంగ. ఆగస్టు చివర్లో బాగా చవగ్గా ఉంది, డిసెంబర్ మొదటి వారం కాస్త ఎక్కువ. ఎలా తేల్చుకోమంటారు?

ఉప్పుగాలి
ఊళ్లు, రేట్లు కాసేపు పక్కన పెట్టండి. ఆ ఓడలో డైపర్ పిల్లలకి నీళ్ల చోటు ఉందా లేదా, అది చూడండి ముందు. చాలామందికి ఎక్కేదాకా తెలియని సంగతి ఇది. అమెరికా రేవులకి వచ్చే ఓడలకి సీడీసీ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) శుభ్రత నియమాలు ఉంటాయి. డైపర్ మానని పిల్లలు మామూలు పూల్‌లోకి గానీ హాట్ టబ్‌లోకి గానీ దిగకూడదు. స్విమ్ డైపర్ వేశాం కదండీ అంటే ఒప్పుకోరు. పూల్ మెట్టు మీద కూర్చోబెట్టి కాళ్లు తడుపుదామనుకుంటే లైఫ్‌గార్డ్ వచ్చి మర్యాదగానే లేపేస్తాడు. పక్కన పెద్ద పిల్లలు దూకుతుంటే మనది గట్టు పట్టుకుని ఏడుపు.

స్విమ్ డైపర్ వాళ్ల కోసమే విడిగా కట్టిన స్ప్లాష్ జోన్లు కొన్ని ఓడల్లో ఉంటాయి. డిస్నీ డ్రీమ్, డిస్నీ ఫాంటసీల్లో నీమోస్ రీఫ్ అలాంటిదే. రాయల్ కరీబియన్‌లో కొన్ని ఓడలకి బేబీ స్ప్లాష్ జోన్ ఉంది, కొన్నిటికి లేదు. అందుకని కంపెనీ పేరు చూసి కాదు, ఓడ పేరు చూసి బుక్ చేయండి. ఒకే కంపెనీలో పాత ఓడకీ కొత్త ఓడకీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా.

రెండో_షిఫ్ట్_నాన్న
ఉప్పుగాలి గారి మాటకి తోడు ఇంకొకటి. ‘కిడ్స్ క్లబ్ ఫ్రీ’ అని ప్రకటనలో రాస్తారు, అది మీ పాపకి కాదు. రాయల్, డిస్నీ, నార్వేజియన్‌లలో ఆ ఉచిత క్లబ్బులు మూడేళ్ల నుంచి. రాయల్, డిస్నీల్లో టాయిలెట్ అలవాటు కూడా అయి ఉండాలి. మూడేళ్ల లోపు వాళ్లకి నర్సరీ వేరు, గంటకింత అని డబ్బు కట్టాలి. డిస్నీలో ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా తీసుకుంటారు. రాయల్‌లోనూ ఉంది, కానీ అన్ని ఓడల్లో లేదు. చోట్లు తక్కువ, బుకింగ్ తెరిచిన రోజే పట్టుకోవాలి.

కార్నివాల్‌లో మాత్రం క్లబ్ రెండేళ్ల నుంచే మొదలు, డైపర్లున్నా తీసుకుంటారు. మీ పాపకి డిసెంబర్‌లో 23 నెలలంటున్నారు. ఒక్క నెల తేడాలో పోతోంది! జనవరికి జరపగలిగితే ఆ దారి కూడా తెరుచుకుంటుంది. కాకపోతే రెండు నిండితే విమానంలో ఒళ్లో కూర్చోబెట్టుకోవడం కుదరదు, టికెట్ కొనాలి. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడం.

తెరచాప
ఆగస్టు చివర వద్దు. హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా, అందులో ఆగస్టు మధ్య నుంచి అక్టోబర్ వరకు అసలు గండం. చవగ్గా ఉన్నది అందుకే. ఓడ తుఫానులోకి పోదు లెండి, కెప్టెన్లు పక్కకి తిప్పేస్తారు. కానీ ఊళ్లు మారిపోతాయి. బహమాస్ అనుకుని ఎక్కితే మెక్సికోలో దింపొచ్చు, లేదా తిరిగి రావడం ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. కంపెనీ కాంట్రాక్ట్‌లో దానికి హక్కు రాసుకునే ఉంటుంది, ఆ పోర్ట్ ఫీజు తప్ప పెద్దగా వెనక్కి రాదు. లెక్కపెట్టి తెచ్చుకున్న డైపర్లు అయిపోయాక ఇంకా రెండు రోజులు సముద్రంలో ఉండటం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఓడ దుకాణంలో దొరికితే దొరుకుతాయి, సైజు మాత్రం మన అదృష్టం.

డిసెంబర్ మొదటి వారం మంచి ఎంపిక. థాంక్స్‌గివింగ్ రద్దీ అయిపోతుంది, క్రిస్మస్ రద్దీ మొదలవదు.

గల్ఫ్_గాలిపటం
నేను గాల్వెస్టన్ పక్షం, కానీ డిసెంబర్‌కి కాదు. కార్లో ఎక్కడానికి దాన్ని మించింది లేదు, డాలస్ నుంచి ఐదు గంటలు. కార్ సీటు, స్ట్రోలర్, డైపర్ పెట్టెలు, అన్నీ డిక్కీలో పడేయొచ్చు. అయితే చలికాలంలో రెండు చిక్కులు. ఉత్తరం నుంచి చలిగాలి దిగితే గల్ఫ్‌లో అలలు లేస్తాయి. మొదటి రోజూ చివరి రోజూ సముద్రంలోనే కాబట్టి ఆ రెండు రోజులూ డెక్ మీద స్వెట్టర్లే, నీళ్లాట కాదు. రెండు, పొగమంచు. మంచు కమ్మితే రేవు కాలువ మూసేస్తారు, ఓడలు బయటే నిలబడతాయి. పొద్దున్న రావాల్సిన ఓడ సాయంత్రానికి వచ్చిన రోజులున్నాయి. ఆ ఓడ ఎక్కాల్సిన వాళ్లు పిల్లలతో ఎక్కడో కాలక్షేపం చేస్తుండాలి.

ఏప్రిల్, మే అయితే కళ్లు మూసుకుని గాల్వెస్టన్ అనేవాణ్ణి.

బుజ్జిపాప_అమ్మ
పొగమంచు సంగతి అస్సలు తెలియదండీ, థాంక్స్. ఆగస్టు కొట్టేశాం. మావారు మాత్రం ఇంకా ‘నాలుగు రాత్రులకి అంత దూరం విమానమా’ అంటున్నారు. గదుల గురించి కూడా చెప్పండి. ఐదుగురం ఒకే గదిలో పడతామా?

ఉప్పుగాలి
పడరు, పడినా పడకూడదు. ఓడలో చంటిపిల్ల కూడా గది లెక్కలో మనిషే. ఐదుగురు పట్టే గదులు అతి తక్కువ. మధ్యలో తలుపున్న రెండు కనెక్టింగ్ గదులు తీసుకోండి. పెద్దవాళ్లది లోపలి గది, మీది బాల్కనీ అయినా చాలు. కొన్ని ఓడల్లో అలాంటి జతలు కూడా ఉంటాయి, ఏజెంట్‌ని అడగండి.

బాల్కనీ విలాసం కాదు మీకు. పాప ఏడున్నరకి పడుకుంటుంది. ఆ తర్వాత లైట్లన్నీ ఆర్పేసి మీరిద్దరూ ఎక్కడ కూర్చుంటారు? కిటికీ లేని గదిలో అయితే చీకట్లో ఫోన్లు చూసుకుంటూ, బాత్రూమ్‌లో గుసగుసలాడుకుంటూ గడపాలి. కానీ పగలు ఆ తలుపు పై గొళ్లెం ఎప్పుడూ వేసే ఉండాలి. కుర్చీలు, బల్ల రెయిలింగ్‌కి ఆనుకుని ఉంటే లోపలికి లాగేయండి, లేదా బయట పెట్టేయమని గది కుర్రాడికి చెప్పండి. ఇంకో సంగతి, గది తలుపులు ఇనుప తలుపులు, వాటంతటవే దబ్బున మూసుకుంటాయి. చిన్న వేళ్లు జాగ్రత్త. బాత్రూమ్ గడప కూడా ఎత్తుగా ఉంటుంది, కొత్తగా పరిగెత్తే పిల్లలు తట్టుకుని పడేది అక్కడే.

రెండో_షిఫ్ట్_నాన్న
స్నానం! చాలా గదుల్లో షవరే, అది కూడా మనిషి తిరిగేంత చోటు. షవర్ అంటే భయపడే పిల్లయితే గాలి ఊదే చిన్న టబ్ పట్టుకెళ్లండి. డిస్నీ ఓడల్లో ఎక్కువ గదులకి టబ్ ఉంటుంది. రేటు ఎక్కువ నిజమే, కానీ ఈ వయసు పిల్లలకి ఆ కంపెనీ తీసుకున్న శ్రద్ధ కనిపిస్తుంది.

పాప పడుకునే తొట్టి (ప్యాక్ ఎన్ ప్లే) ఉచితమే, బుకింగ్‌లోనే రాయించండి. అది వేశాక గదిలో నడవడానికి చోటుండదు. అందుకే పెద్ద స్ట్రోలర్ తేకండి. గది తలుపులు ఇరుకు, వరండాలో వదలనివ్వరు. గొడుగులా మడిచే తేలిక స్ట్రోలర్ చాలు.

స్టాంపింగ్_గోల
మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. మాది హెచ్1బీ. పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ గడువు అయిపోయింది, ఐ-797 (హెచ్1బీ ఆమోదపత్రం) మాత్రం ఉంది. 30 రోజుల లోపు ప్రయాణమైతే ఆటోమేటిక్ రీవాలిడేషన్ కింద తిరిగి రావచ్చని ఒక ఫ్రెండ్ అన్నాడు. బహమాస్ క్రూజ్‌కి పనికొస్తుందా?

తెరచాప
పనికిరాదు. మీ ఫ్రెండ్ సగం నియమమే చెప్పాడు. హెచ్ వీసాల వాళ్లకి అది కెనడా, మెక్సికోలకే. పక్క దీవులకి కూడా వర్తించేది ఎఫ్ (విద్యార్థి), జె (ఎక్స్చేంజ్) వీసాల వాళ్లకి మాత్రమే, అందులోనూ క్యూబా మినహా. బహమాస్‌లో ఒక్క పూట ఆగినా మీది మెక్సికో ప్రయాణం కాదు. మెక్సికో మాత్రమే ఆగే గాల్వెస్టన్ ఓడ అయినా సరే, మెక్సికో వీసా అవసరమా, కంపెనీ ఎక్కనిస్తుందా, రెండూ రాతపూర్వకంగా అడిగి, లాయర్‌తో ఒకసారి మాట్లాడాకే డబ్బు కట్టండి. కాగితాలు చాలకపోతే రేవులోనే ఆపేస్తారు, కట్టిన డబ్బు పోయినట్టే.

@బుజ్జిపాప_అమ్మ, మీ పెద్దవాళ్ల వీసా మల్టిపుల్ ఎంట్రీ అని చూసుకోండి. దిగే ప్రతి దేశానికీ వాళ్ల భారత పాస్‌పోర్ట్‌కి ఏం కావాలో విడివిడిగా చూడాలి. ఆ బాధ్యత ప్రయాణికుడిదే, కంపెనీది కాదు. పాపకి, బయలుదేరిన అమెరికా రేవుకే తిరిగొచ్చే ఓడ కాబట్టి, బర్త్ సర్టిఫికెట్‌తో కూడా నడుస్తుంది. అయినా పాస్‌పోర్ట్ పుస్తకం చేయించండి. దీవిలో పాపకి ఒంట్లో బాగోక ఓడ వదిలేసి విమానంలో రావాల్సి వస్తే బర్త్ సర్టిఫికెట్‌తో కుదరదు. పాస్‌పోర్ట్ కార్డు కూడా విమానానికి చెల్లదు. 16 ఏళ్ల లోపు వాళ్ల పాస్‌పోర్ట్‌కి తల్లిదండ్రులిద్దరూ హాజరవ్వాలి, ఒకరు రాలేకపోతే డీఎస్-3053 అనే అంగీకార పత్రం మీద నోటరీ సంతకం కావాలి.

స్టాంపింగ్_గోల
బతికించారు. రేపు కట్టేద్దామనుకున్నాం.

అమ్మమ్మ_హోదా
నేను ఆ ‘పెద్దవాళ్ల’ వైపు నుంచి మాట్లాడతాను. బుజ్జిపాప అమ్మగారూ, ఏమీ అనుకోకండి. మీ అత్తగారిని తీసుకెళ్లేది సముద్రం చూపించడానికా, పాపని చూసుకోవడానికా? ముందే మాట్లాడుకోండి. ‘అమ్మ ఉంటుందిగా’ అని రోజూ రాత్రి షోలకి వెళ్లిపోయే పిల్లల్ని చూశాను. ఆవిడకి కూడా ఆ షో చూడాలని ఉంటుంది. ఒక రాత్రి మీరు, ఒక రాత్రి వాళ్లు అనుకుంటే మాట పట్టింపులుండవు.

తిండి గురించి భయం వద్దు. బఫేలో అన్నం, పెరుగు దొరుకుతాయి, పాపకి అది చాలు. శాకాహారం బుకింగ్‌లోనే రాయించి, మొదటి రాత్రి భోజనానికి కూర్చున్నప్పుడు హెడ్ వెయిటర్‌తో చెప్పండి. మర్నాటికి పప్పు, కూర చేయించి పెడతారు. చాలా ఓడల్లో వంటవాళ్లలో మనవాళ్లుంటారు. కారం కాస్త తగ్గుతుంది, ఒక చిన్న ఆవకాయ సీసా కోసం మా ఆయన చేసిన యాగీ వేరే కథ. రైస్ కుక్కర్ పెట్టెలో పెట్టుకెళ్దామని మాత్రం చూడకండి, కెటిల్ కూడా వద్దు. వేడెక్కే సామాను ఏదైనా తీసి పక్కన పెట్టేస్తారు. ఇంట్లో వండినవీ వద్దంటారు. సీలు తీయని బేబీ ఫుడ్, పాలపొడి అయితే ఫర్వాలేదు. పండో, పెరుగో ఓడలోంచి పట్టుకుని ఊళ్లోకి దిగకూడదు, అక్కడి కస్టమ్స్ వాళ్లు ఊరుకోరు. ప్యాకెట్ బిస్కెట్లు పెట్టుకోండి.

మందులడబ్బా
కడుపులో తిప్పడం గురించి ఎవరూ అడగలేదు. రెండేళ్ల లోపు పిల్లలకి అది సాధారణంగా రాదు. రెండు నుంచి పన్నెండు మధ్య వాళ్లకే ఎక్కువ. కాబట్టి పాప కంటే అత్తగారి గురించి చూసుకోండి: గది ఓడ మధ్యలో, కింది అంతస్తులో ఉంటే ఊపు తక్కువ. పాపకి ఏ మందైనా పిల్లల డాక్టర్ చెప్పందే వేయకండి, చెవి వెనక అంటించే ప్యాచ్ పిల్లలకి కాదు.

అసలు శత్రువు నోరోవైరస్, వాంతులు, విరేచనాలు తెప్పించేది. శానిటైజర్ దాని మీద సరిగా పనిచేయదు, సబ్బూ నీళ్లే మందు. బఫేకి వెళ్లే ముందు, లిఫ్ట్ బటన్లన్నీ నొక్కేశాక, పాప చేతులు కడగాల్సిందే. ఎంఎంఆర్ (తట్టు వగైరాల టీకా) మొదటి డోస్ ఈపాటికి అయ్యే ఉంటుంది, దేశం దాటే ముందు రెండోది వేయించాలేమో డాక్టర్‌ని అడగండి.

ఓడలో డాక్టర్ ఉంటారు, బిల్లు నేరుగా గది ఖాతాలో పడుతుంది. మీ అమెరికా ఇన్సూరెన్స్ అక్కడ ఎంతవరకు ఇస్తుందో ముందే అడగండి. పెద్దవాళ్లకి తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్ అమెరికా బయట చెల్లుతుందా అన్నది ఇంకా ముఖ్యం. హెలికాప్టర్‌లో తరలించాల్సి వస్తే ఆ ఖర్చు కూడా కవర్ అయ్యే పాలసీ ఐదుగురికీ ఉండాలి.

గల్ఫ్_గాలిపటం
మీవారు మూడు ఊళ్లంటున్నారు కదా, ఊళ్ల గురించి నా మాట. ఈ వయసుకి ఊరు మంచిదా కాదా అని కాదు, ఓడ రేవుకి ఆనుతుందా లేదా అని చూడాలి. గ్రాండ్ కేమన్, బెలీజ్ సిటీల్లో ఓడ దూరంగా లంగరేస్తుంది, చిన్న టెండర్ పడవల్లో ఒడ్డుకి వెళ్లాలి. స్ట్రోలర్ మడిచి, పాపని ఎత్తుకుని, ఊగే పడవలోకి అడుగు పెట్టాలి, మామగారి మోకాళ్లు కూడా చూసుకోవాలి. బెలీజ్‌లో ఆ పడవ ప్రయాణమే చాలాసేపు. అదే గ్రాండ్ టర్క్‌లో వంతెన దిగితే ఎదురుగా బీచ్. రాయల్ వాళ్ల సొంత దీవి కోకోకేలోనూ, డిస్నీ వాళ్ల కాస్టవే కేలోనూ ఓడ నేరుగా ఆనుతుంది. పాప నిద్రకి పడితే నడిచి గదికి తెచ్చేయొచ్చు. కోకోకేలో పిల్లల స్ప్లాషవే బే ఉచితం, పెద్ద జారుడుబల్లల పార్కుకే టికెట్.

తెరచాప
దీనితో ఒప్పుకుంటాను గానీ, ‘ఈ వయసులో ఊళ్లు ఎందుకు’ అనేవాళ్లతో మాత్రం ఒప్పుకోను. పాపకి గుర్తుండదు సరే, మిగిలిన నలుగురికీ ఉంటుందిగా! మామగారికి కొజుమెల్‌లో ఒక పూట తిరగాలని ఉంటే మీవారు ఆయన్ని తీసుకెళ్తారు, మీరు, అత్తగారు ఖాళీ అయిన ఓడలో పాపతో ఉండండి. అందరూ దిగిపోయిన రోజు స్ప్లాష్ జోన్ అంతా మీదే. అయిదుగురూ కట్టకట్టుకుని తిరగాలని రూలేం లేదు.

ఉప్పుగాలి
నిజమే, అందరూ దిగిపోయిన రోజంత ప్రశాంతత ఓడలో ఇంకెప్పుడూ ఉండదు.

సన్‌స్క్రీన్ మాట: సెయింట్ థామస్ లాంటి యూఎస్ వర్జిన్ దీవులకి వెళ్తే ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్నవి 2020 నుంచి అక్కడ నిషేధం. అవి లేని, జింక్ ఆక్సైడ్ ఉన్నది తీసుకుంటే అక్కడ చెల్లుతుంది, పిల్లల చర్మానికీ నయం. నిండు చేతుల ఈత చొక్కా వేస్తే రాయాల్సింది ముఖమే.

బుజ్జిపాప_అమ్మ
ఇంట్లో సభ పెట్టాం. డిసెంబర్ మొదటి వారం, పోర్ట్ కెనావెరల్, స్ప్లాష్ జోన్, నర్సరీ రెండూ ఉన్న ఓడ, రెండు కనెక్టింగ్ గదులు. నాలుగు రాత్రులు కాదు, మావారి మాట నిలబెట్టి ఏడు చేశాం. నాలుగైతే పాప ఓడకి అలవాటు పడేలోపే దిగాలి కదా అన్నారు, ఆ ముక్క నాకూ నచ్చింది. అన్నీ ఓడ ఆనే రేవులే. ఒక రోజు ముందే ఒర్లాండో చేరుకుంటాం. నర్సరీ గురించి మాత్రం భయంగా ఉంది, ఏడిస్తే?

రెండో_షిఫ్ట్_నాన్న
ఏడిస్తే ఫోన్ చేస్తారు, వెళ్లి తెచ్చుకోవడమే. మొదటి రోజు నర్సరీ చూడనిస్తారు, పాపని వెంట తీసుకెళ్లి బొమ్మలు చూపించండి. మొదటిసారి గంట మించి వదలకండి. పాలు తాగి, నిద్ర లేచి, హుషారుగా ఉన్న వేళకి బుక్ చేయండి, సాయంత్రం మంకుపట్టు వేళకి కాదు.

ఒక రోజు ముందే వెళ్లడం మంచి పని. ఒర్లాండో విమానాశ్రయం నుంచి రేవు దాదాపు గంట ప్రయాణం, కార్ సీటు ఉన్న బండి ముందే మాట్లాడుకోండి. దీవుల్లో టాక్సీల్లో కార్ సీట్లుండవు. అక్కడ తిరగాలంటే మీది మోసుకెళ్లాలి, లేదా నడిచే దూరంలోనే ఉండాలి. నేను రెండోదే చెప్తాను.

బుజ్జిపాప_అమ్మ
ఇంకొక్కటి, ఆన్‌లైన్ చెక్-ఇన్‌లో రేవుకి వచ్చే టైమ్ ఎంచుకోమంటారట. పొద్దున్నే వెళ్లాలా, ఆలస్యంగానా? పాప పన్నెండున్నరకి పడుకుంటుంది.

గల్ఫ్_గాలిపటం
పొద్దున్నే. పదకొండుకి ఎక్కితే బఫే ఖాళీ, స్ప్లాష్ జోన్ ఖాళీ.

ఉప్పుగాలి
నేను ఒప్పుకోను. గదులు తెరిచేది ఒంటిగంట దాటాకే. పన్నెండున్నరకి నిద్రకొచ్చిన పిల్లని బఫే కుర్చీలో ఎలా పడుకోబెడతారు? ఒంటిగంటన్నర స్లాట్ తీసుకోండి, దారిలో కార్ సీట్లో ఒక కునుకు తీస్తుంది. ఏ టైమ్‌కి వెళ్లినా చేతి సంచిలో డైపర్లు, పాలు, ఈత బట్టలు, రాత్రి బట్టలు ఉండాలి. పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది. లోపలికి వెళ్లగానే సేఫ్టీ డ్రిల్ చెక్-ఇన్ చేసేయండి, అప్పుడే పాప చేతికి పట్టీ కడతారు. దాని మీద, ప్రమాదమొస్తే మీరు చేరాల్సిన చోటు (మస్టర్ స్టేషన్) నంబర్ ఉంటుంది, తీసేయకండి.

అమ్మమ్మ_హోదా
మా మనవడు ఆ పట్టీ కొరికేశాడు. అడిగితే ఇంకోటి ఇచ్చారు.

బుజ్జిపాప_అమ్మ
ఒంటిగంటన్నరే తీసుకున్నాను. రేపు పాస్‌పోర్ట్ అపాయింట్‌మెంట్, ఫోటోలో కళ్లు తెరిపించడమే ఇప్పుడు పెద్ద పని.